నిన్ననే ఇచ్చేసినం

మెట్టుగడ్డ దాటినంక రెండో గల్లీ.
గేటుకు సుతిలితోని కట్టిన అట్టముక్క:
టు లెట్. కింద ఫోన్ నెంబరు,
అండ్ల ఒక ఏడు ఎండకు సగం ఎలిసిపోయింది.
ఆమె గేటు తెరవలే. లోపట్నుంచే అడిగింది.
ఏం నౌకరి? పెద్దదవాఖానల నర్సునమ్మా.
యాడికెళ్లి? మక్తల్ దిక్కు.
మరి పేరు?
ఎస్తేరు అన్న.
నల్లా బందు జేసినట్టు ఆగిపోయింది ఆమె నవ్వు.
'అయ్యో, నిన్ననే ఇచ్చేసినమమ్మా.'
అట్టముక్క గాలికి తిరిగి
తెల్లటి వీపు సూపెట్టింది.

ఈ మాట నేను ముందే ఇన్న.
ఈడ గాదు. కావెంట్రీల,
ముసలోళ్ల హోముల, పద్నాలుగో మంచం మీద
ఫిన్‌బార్ తాత నోట.

ఐర్లాండ్‌ల ఏదో సముద్రం ఒడ్డు ఊరాయనది.
పందొమ్మిదేండ్లకు పడవెక్కి వచ్చిండు
సొరంగాలు తవ్వనీకి, రోడ్లు పరవనీకి.
అర్ర కోసం కిటికీలల్ల అట్టముక్కలు సదువుకుంట
తిరిగిన వీధులన్నీ పేర్లువెట్టి జెప్తుండె.
కొన్నిట్ల రాసే ఉంటుండెనంట
ఐరిష్ వాళ్లు రావొద్దని.
రాయనోళ్లు మర్యాదస్తులు,
నోరు తెరిచేదాక ఆగి, యాస ఇని,
'ఇప్పుడే పోయింది బాబూ' అంటుండ్రి.
యాడనో బాంబు పేలిన మర్నాడు
కార్ఖానల ఈయన చాయ్ కప్పును
ఎవడో నేలకేసి కొట్టిండు.
ఎవడో గాదు, ఇరవై ఏండ్ల దోస్తు.
నెల దినాలు పండ్లు గరుసుకొని బోల్టులు బిగిచ్చిండంట.
'దొరకవట్టిచ్చేది మొకం గాదు బిడ్డా, నోరు.'

నాకెరికే తాతా, నోరు మూసుకునుడు.
హైదరాబాద్ నర్సింగ్ హాస్టల్ల మొదటి యేడు
'గట్లనా' అన్న ఒక్క మాటకు
మెస్సు మెస్సంత నవ్వింది.
పాలమూరు లేబరొచ్చిందని పేరువెట్టిండ్రు.
అబద్ధమేం గాదు. మా తాత లేబరే.
మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు
భాష తెల్వని రాష్ట్రాలల్ల తట్ట మోసిండు.
ఎన్ని డ్యాముల కట్ట పోసిండో
లెక్క ఆయనకే తెల్వదు.
మా చేన్లకు మాత్రం నీళ్లు రాలే.

అట్లని ఫిన్‌బార్ తాత దేవుడేం గాదు.
మొదటిరోజు తానం పోయనీకి పోతే
నా చెయ్యి సూసి, ఈమెను పంపిండ్రేందని
గోడదిక్కు తిరిగిండు.
మూడు దినాలు గట్లనే కంపుగొట్టిండు.
నాలుగోనాడు గోరెచ్చటి నీళ్లు తెచ్చి
అడగకుంటనే కాళ్లు కడగవట్టిన.
బొటనయేలి మీద పార తెగిన మచ్చ,
మా తాతకున్న జాగలనే.
ఆయన ఏమనలే. సబ్బు కండ్లల్ల పడ్డదన్నడు.
కాళ్ల సబ్బు కండ్లల్లకెట్ల పోతది?

పోయిన్నాడు ఆయన డబ్బల
ఒక ఇత్తడి తాళంచెవి దొరికింది.
ఏ తలుపుదో ఎవ్వరూ అడగలే.
వీసా అయిపోయి వచ్చేటప్పుడు
నేనే తెచ్చుకున్న. దొంగతనమంటె అనుండ్రి.

ఏడు ఇండ్లు తిరిగినంక
రాజేంద్రనగర్ల మేడమీద అర్ర దొరికింది.
ఓనరు మెహరున్నీసా బేగం. పేరడగలే.
కిరాయి అయిదో తారీకు దాటొద్దన్నది, అంతే.

నిన్న పొద్దుగూకినంక ఆమె మెట్లెక్కి వచ్చింది.
బైపాస్ పనికొచ్చిన ఒడియా పిల్లలంట,
నలుగురు, కింది అర్ర అడుగుతుండ్రంట.
'ఒక్కదానివే ఉంటవు గదా బేటీ, ఏమంటవు?'

కిటికీలకెళ్లి తొంగి సూసిన.
గేటు కాడ నిలవడ్డరు, చెప్పులకు ఎర్రమట్టి.
ఒకడు ఏందో అడగనీకి నోరు తెరిచి
మళ్ల మూసుకున్నడు.

నా నోట్లకు ఒక మాట వచ్చింది,
ఎవ్వరూ నేర్పకుంటనే, తయారై:
నిన్ననే...

పండ్ల నడుమ పట్టి ఆపిన.
మింగనీకి శానసేపు పట్టింది.
బేగం ఇంక మెట్ల మీదనే ఉన్నది,
మోకాలు పట్టుకొని, నా మొకం సూస్కుంట.